తెర మీది రచ్చబండ

తరగతి గదిలో బల్లలను వరుసలుగా వేస్తే విద్యార్థులు ఉపాధ్యాయునితో మాట్లాడతారు. గుండ్రంగా వేస్తే ఒకరితో ఒకరు మాట్లాడతారు. పిల్లలు వారే, పాఠం అదే, మారింది బల్లల అమరిక మాత్రమే. ఈ సంగతి ప్రతి ఉపాధ్యాయునికి అనుభవంలో ఉన్నదే. వెనుకటి పల్లెలలోని రచ్చబండ కూడ ఇటువంటి అమరికే. నడుమ రావిచెట్టో వేపచెట్టో, దాని చుట్టూ రాతికట్టు. కూర్చున్నవారికి ఒకరి ముఖం ఒకరికి కనబడుతుంది. మాట అన్నవాడు ఏ యింటివాడో అందరికీ తెలుసు; అబద్ధమాడినవాడు మరునాడు తిరిగి అదే చెట్టు కిందికి రావాలి. అయితే ఆ బండ మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అనే కట్టడి కూడ ఆ అమరికలోనే ఇమిడి ఉండేది. స్త్రీలకు, ఊరు అంటరానివారుగా ఉంచిన కులాలవారికి అక్కడ మాట చెల్లేది కాదు. కావున రచ్చబండను పొగిడి నేటి ఫోనును తిట్టడం సులభమేగాని సబబు కాదు.

నేడు కోట్లాదిమంది ఫోను తెర మీద మాట్లాడుకొంటున్నారు. మాట వ్రాసే పెట్టె ఎంత పెద్దది, దాని కింద ఏ మీటలున్నవి, ఎవరి మాట పైన కనబడుతుంది, పక్కన ఏ అంకె మెరుస్తుంది, వీటన్నిటినీ కలిపి ఇంజనీర్లు ఇంటర్‌ఫేస్ అంటారు. తెలుగులో తెర అమరిక అనవచ్చు. దీనిని ఎక్కడో కొద్దిమంది నిర్ణయిస్తారు. మాట్లాడేవారు దానిని గమనించను కూడ గమనించరు. అది చర్చను ఎట్లు మలుస్తుందో తెలుసుకోవడానికి దూరదేశాలు పోనక్కరలేదు. పాలమూరు దక్షిణభాగాన, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో 2018, 2019 సంవత్సరాలలో జరిగిన రెండు సంగతులు చాలు. మొదటిది మనుష్యుల ప్రాణాలకు సంబంధించినది, రెండవది మన్ననూర్ అడవికి సంబంధించినది.

2018 వేసవిలో, పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నవన్న వదంతి తెలంగాణ పల్లెలలో వాట్సాప్ ద్వారా వ్యాపించింది. తల్లిదండ్రుల భయం కొత్తది కాదు. బూచివాని కథ ప్రతి తరంలోనూ ఉన్నది. కొత్తదల్లా ఆ కథ నడిచిన తీరు. వచ్చిన సందేశాన్ని వేలితో ఒత్తిపట్టి, బాణం గుర్తుగల మీట నొక్కి, పేర్ల పట్టికలో కావలసినవారిని ఎంచుకొంటే, అది అక్షరం మారకుండా వారందరికీ చేరుతుంది. చేరేటప్పుడు మొదట వ్రాసినవాని పేరు రాలిపోతుంది. వ్రాసిన చోటు, తేదీ కూడ రాలిపోతాయి. పంపినవాని పేరు మాత్రం నిలుస్తుంది. అనగా ముక్కూముఖం తెలియని మనిషి మాట మేనమామ మాటగానో, తోటి ఉపాధ్యాయుని మాటగానో ఫోనులో ప్రత్యక్షమవుతుంది. మాట ఒకరిది, పరపతి మరొకరిది.

ఇటువంటిది పూర్వం లేకపోలేదు. ఫలానా దేవుని మహిమను ఇంతమందికి వ్రాసి పంపకపోతే కీడు మూడుతుందని బెదిరించే కార్డులు పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. కాని వాటికి కార్డులు కొనాలి, గంటసేపు కూర్చుని చేతితో నకలు వ్రాయాలి. ఆ గంటలో చాలామందికి విసుగు పుట్టేది. కొందరికి బుద్ధి కూడ పుట్టేది. ఆ విసుగు సంఘానికి ఒక రక్ష. ఫోను అమరిక ఆ గంటను రెండు సెకండ్లుగా కుదించింది. ఒక్కొక్కరు అయిదుగురికి పంపితే ఆరవ విడతకు 15,625 మంది. ఇరవైమందికి పంపితే నాలుగవ విడతకే 1,60,000 మంది. పదవ తరగతి గుణశ్రేఢి లెక్క ఇది.

ఫలితం ఎట్లున్నదో ఆ యేటి వార్తలు చెబుతాయి. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రాయిన్‌పాడాలో అయిదుగురిని కొట్టి చంపారు. అదే నెల 13న హైదరాబాదు నుండి కర్ణాటకలోని బీదరు జిల్లాకు కారులో వెళ్లిన స్నేహితులు బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చి అనుమానానికి గురి అయ్యారు. వారు తప్పించుకొని కారులో ముందుకు సాగినా, వారి వీడియో వాట్సాప్ గుంపుల ద్వారా వారికంటె ముందే తరువాతి ఊరికి చేరింది. అక్కడ రోడ్డుకు అడ్డం పెట్టి కొట్టారు. ఒక యువకుడు మరణించాడు.

ఆ కాలంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి వదంతిని ఎదుర్కొనడానికి ఎంచుకొన్న మార్గం గమనింపదగినది. గ్రామాలకు పోలీసు ఉద్యోగులను కేటాయించి, నాలుగు వందలకు పైగా పల్లెలలో వారిని ఇంటింటికీ పంపారు. డప్పు వేయించారు, జానపద కళాకారులచేత పాటలు కట్టించి పాడించారు. వచ్చిన సందేశం నిజమా అని అడగడానికి ప్రతి ఊరికీ ఒక తెలిసిన మనిషి ఏర్పడ్డాడు. ఆ రెండు జిల్లాలలో వదంతుల వల్ల ఎవరి ప్రాణమూ పోలేదని దేశవిదేశాల పత్రికలు వ్రాశాయి. పోలీసువారు చేసిన పనిని ఇంకొక విధంగా చెప్పవచ్చు: తెర అమరికలో రాలిపోయిన పేరును, ముఖాన్ని వారు ఊరి నడుమకు తిరిగి తెచ్చారు. అందుకు వందలాది ఉద్యోగుల కాళ్లు అరిగాయి. కంపెనీ ఒక మీటను వేరుగా అమర్చి ఉంటే అంత శ్రమ అవసరమయ్యేది కాదు గదా అన్న ప్రశ్న అప్పుడే పుట్టవలసింది.

పుట్టింది కూడ. 2018 జులై 10న వాట్సాప్ సంస్థ ఇతరులనుండి వచ్చి దాటిన సందేశాల మీద 'ఫార్వర్డెడ్' అనే గుర్తు వేయడం ప్రారంభించింది. అదే నెలలో భారతదేశంలో ఒకేసారి అయిదింటికి మించి పంపకుండ కట్టడి చేసింది. 2019 జనవరిలో దానిని ప్రపంచమంతటా అమలు చేసింది. 2020 ఏప్రిల్‌లో, అనేక చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క సంభాషణకే పంపగలిగేట్లు మార్చగా, అటువంటి సందేశాల వ్యాప్తి 70 శాతం తగ్గిందని ప్రకటించింది. మనుష్యుల బుద్ధి ఆ కొద్ది వారాలలో మారలేదు. మారింది మీట.

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే రహదారి మీద మన్ననూర్ దగ్గర అటవీశాఖవారి గేటు ఉన్నది. రాత్రి తొమ్మిది మొదలు ఉదయం ఆరు వరకు దానిని మూసి ఉంచుతారు. శ్రీశైలం పోవద్దని ఆ గేటు ఎవరితోనూ అనదు. రాత్రివేళ జంతువులు రోడ్డు దాటే అడవిలో వాహనాలను ఆపుతుంది, అంతే. వాట్సాప్ కట్టడి కూడ ఈ జాతిదే. అయితే ఈ గేటుకు ఒక సందు మిగిలింది. 'అయిదు' అన్నది అయిదుగురు మనుష్యులని కాదు, అయిదు సంభాషణలని. ఆ రోజులలో ఒక్కొక్క గుంపులో 256 మంది దాకా ఉండవచ్చు. కావున అయిదు గుంపులను ఎంచుకొంటే ఒక్క నొక్కుకు 1,280 మంది. పైగా 'ఫార్వర్డెడ్' అన్న గుర్తు మాట దూరం నుంచి వచ్చిందని చెబుతుందిగాని ఎవరి దగ్గరనుంచి వచ్చిందో చెప్పదు. మూలకర్తను పట్టిచూపే ఏర్పాటు ఉండాలని 2021లో కేంద్రప్రభుత్వం నియమాలు చేసింది. అట్లు చేస్తే ఉత్తరప్రత్యుత్తరాల రహస్యం పోతుందని సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. రెండు వాదాలలోనూ బలమున్నది. పేరు రాలిపోయేట్లు మొదట కట్టిన అమరికకు తరువాత పేరు అతికించడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

ఆ గేటుకు ఆవలనున్న అడవిని గూర్చినదే రెండవ సంగతి. మన్ననూర్ అమ్రాబాదు మండలంలోని గ్రామం. చెంచుల అభివృద్ధి కోసం ఏర్పడిన గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం అక్కడే ఉన్నది. దాని చుట్టూ 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాదు పులుల అభయారణ్యం. లోపల పెంటలనే చిన్న చిన్న ఆవాసాలలో తెలుగు మాట్లాడే చెంచులు. 1940 ప్రాంతంలో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వీరి నడుమ ఉండి అధ్యయనం చేసి 1943లో గ్రంథం ప్రకటించాడు.

2019 మే నెలలో కేంద్ర అటవీ సలహాసంఘం ఈ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సమ్మతించింది. అడిగినది అణుశక్తి శాఖకు చెందిన, హైదరాబాదులో ముఖ్యకార్యాలయం గల అణుఖనిజ అన్వేషణ సంస్థ. సుమారు 4,000 లోతైన బోరు రంధ్రాలు వేస్తారని వార్తలు వచ్చాయి. అమ్రాబాదు, మన్ననూర్ ప్రాంతాలలో ఆందోళన మొదలయింది. సెప్టెంబరు నాటికి అది ట్విట్టరుకు, నేడు ఎక్స్ అనే పేరుతో నడుస్తున్న ఆ వేదికకు, ఎక్కింది. విజయ్ దేవరకొండ, సమంత మొదలైన సినీతారలు వ్రాశారు. 'సేవ్ నల్లమల' అన్న హ్యాష్‌ట్యాగు లక్షల తెరల మీద తిరిగింది. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది.

ఫలితం చూస్తే విజయమే. ఇక చర్చ ఎట్లు సాగిందో చూడాలి.

హ్యాష్‌ట్యాగు ఒక కొక్కెం వంటిది. దానికి తగిలించిన మాటలన్నీ ఒకచోట కనబడతాయి. 2007లో క్రిస్ మెస్సీనా అనే అమెరికనుడు దీనిని సూచించినప్పుడు ఉద్దేశం విషయాలవారీగా మాటలను కూర్చడమే. 'నల్లమల యురేనియం' అన్నది విషయం. 'సేవ్ నల్లమల' అన్నది తీర్పు. కొక్కెం మీదనే తీర్పు చెక్కి ఉంటే, సందేహం గలవాడు కూడ ఆ తీర్పు కింద నిలబడే ప్రశ్నించాలి. లేదా ఎవరికీ కనబడని మూల ఒంటరిగా ప్రశ్నించాలి. పైగా ఆ కొక్కెం ఇంగ్లీషు మాటలతో, రోమను లిపిలో ఉన్నది. చెంచుల అడవిని గూర్చిన చర్చకు గుమ్మం పరభాషలో కట్టారు.

ఇక పెట్టె కొలత. ట్విట్టరు పెట్టె మొదట 140 అక్షరాలది. 2017 నవంబరులో 280 అయింది. ఇక్కడ 'అక్షరం' అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. యంత్రం లెక్కించేది కంటికి కనబడే అక్షరాన్ని కాదు, యూనికోడ్ సంకేతాన్ని. తెలుగులో హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి. 'స్త్రీ' అన్నది చూపుకు ఒక్క అక్షరం; యంత్రానికి ఆరు. 'రాష్ట్రం' రెండక్షరాలు, యంత్రానికి ఎనిమిది. 'మన్ననూర్' కూడ ఎనిమిదే. ఇంగ్లీషుతో పోల్చితే ఇది మరీ పెద్ద అన్యాయమేమీ కాదు, 'యురేనియం' అన్న మాటకు ఇంగ్లీషులో ఏడు, తెలుగులో ఎనిమిది. చైనా, జపాను లిపులలో మాత్రం ఒక్కొక్క గుర్తు రెండుగా లెక్కకు వచ్చినా, ఒక్కొక్క గుర్తుకే ఒక మాటంత అర్థముండడం వల్ల 140 గుర్తులలో చిన్న వ్యాసమే పడుతుంది. విద్యార్థులు తమ పేర్లను ఈ విధంగా విడదీసి లెక్కించి చూడవచ్చు. ఒత్తులు, గుణింతాలు గల పేరుకు ఎంత చోటు పడుతుందో తేలుతుంది.

ఆ 280 సంకేతాలలో ఏ ప్రశ్న పడుతుంది, ఏది పడదు? నల్లమల ఉత్తరపు అంచున అడుగున అతి పురాతనమైన గ్రానైటు, దాని మీద శ్రీశైలం క్వార్ట్‌జైటు అనే గట్టి రాతిపొర ఉన్నవి. రెండూ ఏర్పడిన కాలాల నడుమ కోట్లాది సంవత్సరాల ఎడం. ఆ అతుకు వద్ద యురేనియం చేరుతుంది. నల్లగొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల నిక్షేపాలు ఇటువంటివే. కడప జిల్లా తుమ్మలపల్లెలో, 2012లో ప్రారంభమైన గనిలో, ఖనిజం డోలోమైటు జాతి రాతిలో ఉన్నది. దానిని క్షార ద్రావణంతో కరిగించి తీస్తారు. 2019లో చాలామంది తుమ్మలపల్లె బావుల నీటిని చూపి నల్లమలను గూర్చి భయపడ్డారు. ఆ భయంలో పస ఎంత? రాయి వేరు గనుక ప్రక్రియ వేరు కావచ్చు. కాని మిగిలిన వ్యర్థాన్ని ఎక్కడో ఒకచోట నిలువ ఉంచవలసిన అవసరం రెండింటికీ ఉన్నది, నల్లమల వాగులు కృష్ణానదికి చేరుతాయి. మళ్లీ, అన్వేషణ వేరు, తవ్వకం వేరు. బోరు వేసి రాతి కడ్డీలను పైకి తీయడం అన్వేషణ. దానివల్ల నీటిలోకి చేరేది స్వల్పమే కావచ్చు, కాని బోరు యంత్రాలు పోవడానికి పులులు తిరిగే అడవిలో దారులు కొట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ అవును, కాదు అన్న జవాబుకు లొంగదు. 'కావచ్చు', 'కాని', 'అయితే' అన్న మాటలు లేకుండ శాస్త్రచర్చ లేదు. పెట్టె ఇరుకైతే మొదట బయటపడేవి ఈ మాటలే.

పెట్టె కింద ఉన్న మీటలు ఇంకా పెద్ద పని చేస్తాయి. ఒకటి హృదయం గుర్తు, రెండవది తిరిగి చాటే మీట. సందేహానికి మీట లేదు. 'నాకు అర్థం కాలేదు' అనడానికి మీట లేదు. 2009లో తిరిగి చాటే మీటను నిర్మించిన ఇంజనీరు క్రిస్ వెదరెల్ తాను చేసిన పనికి 2019లో బహిరంగంగా విచారం వెలిబుచ్చాడు. 2020 అక్టోబరులో, అమెరికా ఎన్నికలకు ముందు, ట్విట్టరు సంస్థ ఒక ప్రయోగం చేసింది. ఎవరైన ఆ మీట నొక్కితే వెంటనే చాటకుండ, మీ మాట కూడ వ్రాయండి అని ఒక పెట్టె తెరిచేది. మొత్తం చాటింపులు 20 శాతం తగ్గాయి. కాని కొత్తగా చేరిన వ్యాఖ్యలలో 45 శాతం ఒక్క మాటతో తలవూపినవేనని, 70 శాతం పాతిక అక్షరాలకు లోపువని సంస్థయే ప్రకటించి, డిసెంబరులో పాత పద్ధతికి మరలింది. అమరిక మాటను ఆపగలదు, ఆలస్యం చేయగలదు. ఆలోచనను దానంతట అది పుట్టించలేదు. అమరికే సర్వమూ అనేవారు ఈ అంకెలను మరువరాదు.

సమంత పంచిన లంకె ఛేంజ్ అనే వేదిక మీది అర్జీకి దారితీసేది. అర్జీ పుట అమరిక మరింత కఠినమైనది. దాని మీద సంతకం చేసే మీట ఉంటుందిగాని, విభేదించే మీట ఉండదు. కింద వ్యాఖ్యలకు చోటున్నది, అది సంతకం చేసినవారు ఎందుకు చేశారో చెప్పడానికే. లక్ష్యం దగ్గర పడగానే లక్ష్యపు అంకె ముందుకు జరుగుతుంది. గాడిద ముందు కట్టిన క్యారట్టు వలె. అర్జీ అన్నది అసలు చర్చ కోసం పుట్టింది కాదు గదా అని సమర్థించవచ్చు. నిజమే. కాని వేరే చర్చాస్థలం లేనప్పుడు అర్జీయే చర్చగా చలామణి అయింది.

ఆ అంకెను గూర్చి ఇంకొక మాట. అది ఎంతమంది అన్నది చూపుతుంది. ఎవరిలో ఎంతమంది అన్నది చూపదు. హారం లేని భిన్నానికి విలువ కట్టలేమని ఆరవ తరగతి పిల్లలకు తెలుసు. ఇదే అడవికి వర్తించే చట్టంలో చర్చకు మరొక అమరిక ఉన్నది. 2006 అటవీహక్కుల చట్టం కింద 2012లో సవరించిన నియమాల ప్రకారం గ్రామసభకు సభ్యులలో సగానికి తక్కువ కాకుండ హాజరు కావాలి. హాజరైనవారిలో మూడవ వంతయినా స్త్రీలుండాలి. అటవీభూమిని ఇతర పనులకు మళ్లించేటప్పుడు గ్రామసభ సమ్మతి కావాలని కేంద్ర మంత్రిత్వశాఖ 2009 ఆగస్టులో ఉత్తరువు ఇచ్చింది. ఎవరు మాట్లాడాలి, ఎంతమంది ఉంటే చెల్లుతుంది అన్నది ఇక్కడ ముందే నిర్ణయమయింది. పాత రచ్చబండలో మాట లేని స్త్రీకి ఇక్కడ లెక్కలో చోటున్నది. ఈ సభలు కాగితం మీదనే జరిగిపోతాయన్న ఫిర్యాదు చాలచోట్ల ఉన్నది. అది అమలులోని లోపం. తెర మీద మాత్రం హైదరాబాదు కళాశాల విద్యార్థి, కాలిఫోర్నియా ఉద్యోగి, పెంటలో చెంచు పెద్ద, ముగ్గురూ ఒక్కొక్క అంకె. మూడవవాడు ఆ లెక్కలోకి వచ్చే అవకాశం కూడ తక్కువే: అడవి లోపల సిగ్నల్ అందడం కష్టం, అందినా చదువు రాని పెద్దలున్నారు.

ఉద్యమం గెలిచిందిగదా, ఈ తప్పులు వెదకడం ఎందుకని అడగవచ్చు. ప్రభుత్వాన్ని కదిలించడానికి ఈ అమరిక పనికివచ్చిందన్నది కాదనలేని సంగతి. అది రద్దీని కూడగట్టగలదు. కాని రద్దీ చెదిరిన తరువాత ఏమి మిగిలింది? ట్విట్టరులో 'ట్రెండింగ్' అనే పట్టిక ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో కొలవదు, ఎంత హఠాత్తుగా పెరిగిందో కొలుస్తుంది. భౌతికశాస్త్ర భాషలో చెప్పాలంటే వేగాన్ని కాదు, త్వరణాన్ని. తీర్మానం జరిగిన కొద్ది రోజులకే త్వరణం పడిపోయింది. నల్లమల పట్టికనుండి దిగిపోయింది. ఆ అడవిలోనే సార్లపల్లి, కుడిచింతలబైలు మొదలైన ఊళ్లను పులుల అభయారణ్యం నడుమనుండి తరలించే ప్రయత్నం సంవత్సరాల తరబడి సాగుతున్నది. కుటుంబానికి ఎంత పరిహారం, భూమికి బదులు ఎక్కడ భూమి, తేనె సేకరించేవాడు మైదానంలో ఏమి చేసి బ్రతకాలి అన్నవి ఆ చర్చలోని ప్రశ్నలు. యురేనియంకంటె ఇది చెంచు కుటుంబాలకు దగ్గరి సంగతి. కాని ఇది ఏ ఒక్క రోజూ హఠాత్తుగా పెరగదు. త్వరణాన్ని కొలిచే పరికరానికి నిదానంగా కదిలే వస్తువు నిలిచి ఉన్నట్లే కనబడుతుంది.

వేరొక అమరిక సాధ్యమేనా? తెలుగువారికి అది కొత్త కాదు. 1990ల ఆరంభంలో అమెరికాలోని తెలుగువారు యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చావేదికలో వ్రాసుకొనేవారు. తెలుగు లిపి లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన రోమను లిప్యంతరీకరణ పద్ధతితో నెట్టుకొచ్చారు. కాని జవాబు చెప్పేవాడు ఎదుటివాని వాక్యాలను ఎత్తి చూపి, ఒక్కొక్కదాని కింద తన మాట వ్రాయడం అక్కడి ఆచారం. ఎదుటివాడు ఏమన్నాడో చదవకుండ జవాబు వ్రాయడం కష్టం. కలహాలు లేవని కాదు, బోలెడు. అయినా కలహం వాక్యం మీద నడిచేది.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియాలో సభ్యులు కూడి మాట్లాడుకొనే పుటకు పెట్టిన పేరు రచ్చబండ. ఇది కాక ప్రతి వ్యాసానికీ, మన్ననూర్ వ్యాసంతో సహా, పక్కనే 'చర్చ' అనే పుట ఉంటుంది. అక్కడ మెచ్చుకొనే మీట లేదు, అంకె లేదు. శీర్షిక కింద ప్రశ్న, దాని కింద కొంచెం లోపలికి జరిపి జవాబు, ప్రతి మాట చివర వ్రాసినవాని పేరు, తేదీ, గంట, నిమిషం. కొత్తది పైకి ఎగబ్రాకదు. పాతది తన చోటనే ఉంటుంది. ఎవరైన మాట చెరిపినా చరిత్ర పుటలో మిగిలే ఉంటుంది. పది సంవత్సరాల కిందటి ప్రశ్నకు ఈనాడు జవాబు వ్రాయవచ్చు. వాట్సాప్ రాల్చివేసిన పేరు, తేదీ ఇక్కడ విడదీయరానివి. ట్విట్టరు దింపివేసే పాత సంగతి ఇక్కడ కదలదు.

ఈ రచ్చబండకూ లోపాలున్నవి, అవి చిన్నవి కావు. చాలకాలంపాటు ఇక్కడ జవాబు చెప్పాలంటే పుటనంతా తెరిచి, మాట ముందు రెండు చుక్కల గుర్తులు పెట్టి, చివర నాలుగు అలల గుర్తులు వ్రాయాలి. కొత్తవాడు గుమ్మంలోనే తడబడి వెనుదిరిగేవాడు. 2021, 2022 సంవత్సరాలలో అనేక భాషల వికీలలో ప్రతి మాట పక్కన జవాబు మీటను చేర్చిన తరువాత ఈ కష్టం తగ్గింది; పేరు, తేదీ యంత్రమే వేస్తుంది. కాని పాల్గొనేవారి సంఖ్య నేటికీ కొద్దిపాటిదే. పైగా అచ్చయిన ఆధారం లేని సమాచారాన్ని వికీపీడియా అంగీకరించదు. సంచలనాలకు అది మంచి కంచె. అదే కంచె, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో అచ్చుపుస్తకం లేకుండ ఎరిగిన చెంచు పెద్దను కూడ బయట నిలుపుతుంది.

అట్టి పెద్దకు గుమ్మం తెరిచిన అమరిక ఒకటి పొరుగు రాష్ట్రమైన ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. 2010లో పత్రికా రచయిత శుభ్రాంశు చౌదరి ప్రారంభించిన సీజీనెట్ స్వరకు తెర అక్కరలేదు, చదువు అక్కరలేదు, మామూలు మీటల ఫోను చాలు. ఒక నంబరుకు పిలిచి పెట్టేస్తే యంత్రం తిరిగి పిలుస్తుంది. ఒకటి నొక్కితే తన మాటను రికార్డు చేయవచ్చు, రెండు నొక్కితే ఇతరుల మాటలు వినవచ్చు. సంపాదకులు విని, సరిచూచి, ప్రకటిస్తారు. గోండు పల్లెలనుండి రేషను అందలేదని, ఉపాధి కూలి రాలేదని, బోరింగు చెడిందని అడవి ప్రాంతాలవారు సొంత గొంతుతో, ఊరి పేరుతో చెప్పుకొన్నారు. దీని ఇబ్బంది దీనిది. కంటితో పుటను తిరగవేసినట్లు చెవితో తిరగవేయడం సాధ్యం కాదు. ఒకదాని తరువాత ఒకటిగా వినాలి, కావున ఒకసారికి నాలుగైదు మాటలకంటె ఎక్కువ వినలేరు. విన్నదానికి జవాబు చెప్పడం ఇంకా కష్టం, ఏ మాటకు ఏది జవాబో చెవికి గుర్తుండదు. మన్ననూర్ ఆవలి పెంటలలో ఇటువంటిది పెట్టాలంటే ముందు ఫోను సిగ్నల్ అందాలి. ఆ తరువాత ఆ చిక్కును, అనగా గొంతుకు గొంతుతో జవాబు చెప్పి రెండింటినీ కలిపి ఉంచడం ఎట్లన్నదాన్ని, విప్పవలసి ఉన్నది. కంప్యూటరు శాస్త్రం చదువుతున్న తెలుగు విద్యార్థులకు అది మంచి లెక్క.